పాట ఎవరిదో కూడా చెప్పండి

పాటల యాప్‌లు నడిపే సంస్థల నిర్వాహకులకు, వాటికి పాటలు అందించే రికార్డు కంపెనీల బాధ్యులకు బహిరంగ లేఖ



తెలుగువాళ్లు పాట వినే తీరు గత పదేళ్లలో పూర్తిగా మారిపోయింది. 2016 సెప్టెంబరులో జియో రావడంతో మొబైలు డేటా ధర పడిపోయింది. ఆ తర్వాత కొద్ది కాలానికే దుకాణంలో మెమరీ కార్డు నింపించుకునే అలవాటు తగ్గి, యాప్‌లో వెతుక్కుని వినే అలవాటు వచ్చింది. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై కూడా మన దేశంలో అడుగు పెట్టింది. ఒకప్పుడు రికార్డుల దుకాణాలన్నీ గాలిస్తే తప్ప దొరకని పాట ఇవాళ పొలం గట్టు మీదా, హైదరాబాదు మెట్రోలోనూ, డాలస్‌లో ఆఫీసుకు వెళ్లే కారులోనూ ఒకే సమయంలో మోగుతోంది. ఇది చిన్న మేలు కాదు, ఇందులో మీ పాత్రా చిన్నది కాదు. ఆ గౌరవంతోనే ఈ లేఖ రాస్తున్నాను. కోరిక ఒక్కటే. ప్రతి తెలుగు పాటకూ అది రాసిందెవరో, బాణీ కట్టిందెవరో, సినిమా పాటైతే ఏ సినిమాలోదో, మొదట ఏ ఏడాది వెలువడిందో, శాస్త్రీయ కృతి అయితే రాగతాళాలేమిటో పాట మోగే తెర మీదే తెలుగులో చూపండి. ఆ పేర్లతో వెతికే వీలు కల్పించండి. ఈ వివరాలు ఇప్పుడు కనిపించకపోవడానికి కారణం సాంకేతిక ఇబ్బంది కాదనీ, వాటిని అవసరమైనవిగా ఎవరూ లెక్కించకపోవడమేననీ నా వాదన.

తెలుగు శ్రోత ఇవి కొత్తగా అడగడం లేదు. ఒకప్పుడు ఉన్నవే, మధ్యలో పోయాయి. ఆకాశవాణి వారి వివిధ భారతి 1957 అక్టోబరు 3న మొదలైంది. ఆకాశవాణిలో సినిమా పాట వేసే ముందు సినిమా పేరు, రచయిత, సంగీత దర్శకుడు, గాయకులు అనే నాలుగు వివరాలూ చెప్పడం సంప్రదాయంగా నడిచింది. చదువు రానివారికి కూడా ఆత్రేయ, ఆరుద్ర, కొసరాజు, దాశరథి, సినారె లాంటి సినీకవులెవరో తెలిసిందంటే ఆ ప్రకటనల పుణ్యమే. సినిమా హాలు దగ్గర పాటల పుస్తకం అమ్మేవారు. అందులో పాట సాహిత్యంతో పాటు రాసినవారి పేరూ, పాడినవారి పేర్లూ ఉండేవి. గ్రామఫోను రికార్డు నడుమ అతికించే కాగితం మీద సినిమా పేరు, గాయకులు, సంగీత దర్శకుడు, తరచుగా రచయిత పేరు కూడా అచ్చయ్యేవి. ఆ కాగితపు చక్రం అరచేతిలో ఇమిడిపోతుంది, మధ్యలో ఒక రంధ్రం కూడా ఉంటుంది. అంత ఇరుకులోనూ పేర్లకు చోటు చేశారు. ఎల్పీ కవరు వెనకా, క్యాసెట్ పెట్టెలో మడిచిపెట్టే కార్డు మీదా మరికొంత విశాలంగా వేశారు. ఇవాళ మన చేతిలోని తెర వేలితో జరుపుతూ పోతే అంతులేనిది. చోటు పెరిగినకొద్దీ వివరం ఎందుకు తగ్గిందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1982లో మార్కెట్లోకి వచ్చిన కాంపాక్ట్ డిస్క్‌లో ధ్వని తప్ప పాటల పేర్లు దాచే ఏర్పాటు మొదట్లో లేదు. పేర్లు కాగితం మీద ఉంటాయి కదా అనుకున్నారు. కంప్యూటర్లలో డిస్కులు పెట్టి వినడం మొదలయ్యాక ఆ లోటు తెలిసింది. డిస్కులోని పాటల నిడివిని బట్టి అది ఏ డిస్కో గుర్తించే సీడీడీబీ అనే ఉమ్మడి జాబితా 1990లలో పుట్టింది. దాన్ని నింపింది కంపెనీలు కాదు, ప్రపంచమంతటా ఉన్న సంగీత ప్రియులు. తమ దగ్గరున్న డిస్కుల పేర్లను చేత్తో టైపు చేసి ఇంటర్నెట్‌లో పంచారు. ఎంపీ3 ఫైళ్ల విషయంలోనూ ఇదే కథ. ఫైలులో పాట వివరాలు దాచేందుకు 1996లో ఐడీ3 అనే పద్ధతి వచ్చింది. ఫైలు చివర 128 బైట్లు. అందులో పాట పేరుకు 30, కళాకారుడి పేరుకు 30, ఆల్బమ్ పేరుకు 30, ఏడాదికి 4, వ్యాఖ్యకు 30, సంగీత రకానికి ఒకటి. రచయితకు సున్నా. సంగీత రకాలకు 80 పేర్ల జాబితా ఇచ్చారు, అందులో కర్ణాటక సంగీతం లేదు. తాము రాసిన పాటలను తామే పాడుకునే గాయకులూ బృందాలూ ఎక్కువగా ఉన్న పాశ్చాత్య పాప్ సంగీతాన్ని దృష్టిలో పెట్టుకుని గీసిన గీత అది. పాట, కళాకారుడు, ఆల్బమ్ అనే మూడు గదుల ఆ నమూనాలోనే కవి ఒకరు, బాణీ ఒకరు, గాత్రం ఒకరు, సినిమా వేరొకటి అయిన మన పాటను కుదించారు. ఆ కుదింపులో ముందు జారిపోయింది కవి పేరు.

అయితే ఆ ఇరుకు ఎంతో కాలం నిలవలేదు. 1998లో వచ్చిన ఐడీ3 రెండో రూపంలో గేయ రచయితకు ఒక గది, స్వరకర్తకు ఒక గది వేర్వేరుగా ఏర్పాటు చేశారు. ఇంగ్లీషేతర లిపుల్లో రాసుకునే వీలూ అప్పుడే ఇచ్చారు. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నాటి మొదటి రూపంలోనే చోటుంది. ఆ తర్వాత కంపెనీలు ఒకదానికొకటి పాటల సమాచారం పంపుకునేందుకు డీడీఈఎక్స్ అనే ప్రమాణాల సంస్థ 2006లో ఏర్పడింది. అది రూపొందించిన సందేశాల్లో గేయ రచయిత, స్వరకర్త, వాద్యకారుడు, సౌండ్ ఇంజనీరు సహా ఎన్నో పాత్రలను విడివిడిగా పేర్కొనవచ్చు. అంటే పెట్టడానికి చోటు ఇరవై ఏళ్లకు పైగా సిద్ధంగా ఉంది. పాత రికార్డులను డిజిటల్‌లోకి మార్చిన రోజుల్లో ఆ గదులు నింపకుండా వదిలేశారు. ధ్వనిని కాపాడారు గానీ, ఆ ధ్వనికి చుట్టి ఉన్న కాగితాన్ని పక్కన పారేశారు.

ఇప్పుడు తెర మీద ఏముందో చూద్దాం. పాట మోగుతున్నప్పుడు పేరు కింద ఒక వరుసలో కొన్ని పేర్లు కనిపిస్తాయి. అందులో గాయకులెవరో, సంగీత దర్శకుడెవరో విడదీసి చెప్పరు. ఘంటసాల, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం లాంటివారు గాయకులుగానూ, సంగీత దర్శకులుగానూ పనిచేశారు. ఉత్త పేరు చూస్తే ఆ పాటలో వారి పాత్ర ఏదో అర్థం కాదు. పాట వివరాలు చూపే ఏర్పాటు స్పాటిఫైలో 2018లో వచ్చింది, ఇతర యాప్‌లలోనూ అలాంటివి ఉన్నాయి. కానీ అవి మూడు చుక్కల వెనక, రెండు మూడు మెట్లు దిగితే తప్ప కనపడని చోట ఉంటాయి. దిగి చూసినా చాలా పాత తెలుగు పాటలకు రచయిత గడి ఖాళీ. పాత పాటల సంకలనాల్లో సినిమా పేరు ఉండదు. ఏడాది స్థానంలో ఆ సంకలనం యాప్‌లో చేరిన ఏడాది పడుతుంది. దాంతో 1950ల పాట ఈ శతాబ్దపు పాటల్లో కలిసిపోతుంది. కారులో వినేవారి పరిస్థితి ఇంకా కష్టం. ఫోను నుంచి కారు తెరకు బ్లూటూత్ ద్వారా వెళ్లే వివరాల జాబితాలో పాట, కళాకారుడు, ఆల్బమ్, రకం, నిడివి లాంటివే ఉన్నాయి, రచయితకు గడి లేదు. మాటతో నడిచే స్పీకరుదీ అదే స్థితి. దాని వెనకున్న పట్టికలో రచయిత పేరు లేకపోతే వేటూరి పాటలు వేయమని ఎంత స్పష్టంగా అడిగినా అది ఏం చేయగలదు? పాట వినిపించి గుర్తుపట్టమంటే షాజామ్ యాప్ క్షణాల్లో ఆ రికార్డింగును పట్టుకుంటుంది. దాని వెనకున్న మనిషిని చెప్పాలంటే మాత్రం, ఎవరో ఒకరు ముందుగా ఆ పేరు రాసిపెట్టి ఉండాలి.

ఈ నష్టం ఎంత లోతుదో ఒక్క సినిమా చాలు చెప్పడానికి. 1980లో విడుదలైన శంకరాభరణానికి సంగీతం కె.వి. మహదేవన్, పాటలు వేటూరి సుందరరామ్మూర్తి. కానీ ఆ ఆల్బమ్‌లో వేటూరివి కాని రచనలూ ఉన్నాయి. ‘ఏ తీరుగ నను’ భద్రాచల రామదాసుది. ‘బ్రోచేవారెవరురా’ మైసూరు వాసుదేవాచార్యులది. ‘మానస సంచరరే’ సదాశివ బ్రహ్మేంద్రులది. పదిహేడో శతాబ్దపు గోల్కొండ రాజ్యంలోని ఒక తహశీల్దారు, కావేరి తీరాన తిరిగిన ఒక అవధూత, ఇరవయ్యో శతాబ్దపు మైసూరు ఆస్థాన విద్వాంసుడు, కృష్ణా జిల్లాలో పుట్టిన సినీకవి ఒకే చోట కలిశారు. మన సంగీత చరిత్ర అంతా గంటలోపు వినగలిగే అరుదైన సందర్భం ఇది. పేర్లు లేకపోతే ఆ నలుగురూ ఒకే మూకుమ్మడి శబ్దమవుతారు. కొత్తగా వినే పదహారేళ్ల కుర్రవాడు అన్నీ సినిమా కోసం రాసినవే అనుకుంటే తప్పు అతనిది కాదు. అతను అక్కడి నుంచి రామదాసు కీర్తనల్లోకో, వాసుదేవాచార్యుల కృతుల్లోకో వెళ్లే దారి మీ తెర మీద మొదలవ్వాలి. ఆ పేరు నొక్కితే ఆ వాగ్గేయకారుడి మిగతా రచనలన్నీ తెరుచుకోవాలి. ఇంటర్నెట్‌కు ఉన్న అసలు బలం ఒక విషయం నుంచి మరో విషయానికి నడిపించడం. అదే ఇక్కడ కుంటుపడింది.

అన్నమయ్య విషయంలో ఇంకో రకం అన్యాయం జరుగుతోంది, దీని గురించి మాట్లాడేవారు తక్కువ. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. ఇవాళ మనం వినే అన్నమయ్య బాణీల్లో అత్యధికం ఇరవయ్యో శతాబ్దపు సంగీతజ్ఞులు కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, బాలాంత్రపు రజనీకాంతరావు, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ లాంటివారు ఆ సాహిత్యాన్ని మళ్లీ గొంతుకు అందించారు. టీటీడీ 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టాక ఆ పని ఊపందుకుంది. ఎంఎస్ సుబ్బులక్ష్మి పాడగా ఇంటింటా మోగిన ‘నానాటి బతుకు’ రేవతి రాగంలో బాణీ కట్టింది నేదునూరి. ‘వినరో భాగ్యము’ అందరి నోళ్లలో నానే రూపం గరిమెళ్ల వారిది. వీటిని యాప్‌లో ‘సంప్రదాయం’ అని ఒక్క మాటతో తేల్చేస్తే, మన మధ్యే జీవించి వెళ్లిన పెద్దల సృష్టి ఎవరిదీ కాని సొత్తు అయిపోతుంది. ఆ బాణీనే తీసుకుని మరొకరు పాడి, స్వరకర్తగా తమ పేరు వేసుకున్నా అడ్డుకునే ఆధారం శ్రోతకు ఉండదు.

కర్ణాటక సంగీతం వినేవారికి రాగం, తాళం, వాగ్గేయకారుడు అనే మూడు వివరాలూ అలంకారం కావు, వినడంలోనే భాగం. ఒకే కృతిని నలుగురు పాడితే నలుగురినీ పక్కపక్కన పెట్టి వినడం, ఒక రాగంలో వేర్వేరు రచనలు ఒకదాని తర్వాత ఒకటి వినడం సంగీతం నేర్చుకునేవారి నిత్య అభ్యాసం. ఇప్పుడు కల్యాణి అని వెతికితే రాగమూ, ఆ పేరున్న మనుషులూ, సినిమా పాటలూ కలగలిసి వస్తాయి, వడపోసే మార్గం లేదు. ‘జగదానందకారక’ త్యాగరాజు నాట రాగంలో చేసిన పంచరత్న కృతి. 2011లో వచ్చిన శ్రీరామరాజ్యంలో జొన్నవిత్తుల రాయగా ఇళయరాజా స్వరపరిచిన పాట మొదలయ్యేదీ ఆ మాటతోనే. పేరొక్కటే, రచనలు రెండు, మధ్య దాదాపు రెండు శతాబ్దాల దూరం. పైగా మన పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉండటం వల్ల ఒక్కో కంపెనీ ఒక్కో స్పెల్లింగు రాస్తుంది. త్యాగరాజు పేరే ‘టీ’తో ఒకచోట, ‘టీహెచ్’తో మరోచోట కనిపిస్తుంది. దీర్ఘాలు పోతాయి, తకారటకారాల తేడా పోతుంది. తెలుగు లిపిలో ఒక్కసారి సరిగ్గా రాస్తే ఈ చిక్కుల్లో చాలావరకు తీరిపోతాయి. ఇంగ్లీషు స్పెల్లింగులు దాని పక్కన ఎన్నైనా ఉండవచ్చు.

పేరు గౌరవానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, కూటికి సంబంధించినది కూడా. 2012లో పార్లమెంటు కాపీరైటు చట్టాన్ని సవరించింది. సినిమా హాల్లో సినిమాలో భాగంగా వినిపించినప్పుడు తప్ప, మిగతా రూపాల్లో పాటను వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కు గేయ రచయితకూ స్వరకర్తకూ ఇచ్చింది. ఆ హక్కును వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదని కూడా చెప్పింది. ఆ డబ్బు వసూలు చేసి పంచే సొసైటీ ఒక పాట ఎన్నిసార్లు మోగిందో, అది ఎవరి రచనో జతచేసి చూస్తే తప్ప పంచలేదు. సమాచారం లేని పాటకు డబ్బు దారి తప్పుతుంది. ఇక అదే చట్టంలోని 57వ సెక్షన్, హక్కులన్నీ అమ్ముకున్నాక కూడా, ఈ రచన నాదని చెప్పుకునే హక్కు రచయితకు మిగిలే ఉంటుందని అంటోంది. ఇది యాప్ తెరకు ఎంతవరకు వర్తిస్తుందో తేల్చాల్సింది న్యాయస్థానాలు. కానీ పేరును సొమ్ముకు మించిన విలువగా ఈ దేశపు చట్టం చూసిందన్నది ఆ సెక్షన్ చదివిన ఎవరికైనా తెలుస్తుంది.

మీ వైపు నుంచి వచ్చే మొదటి అభ్యంతరం ఊహించగలను. శ్రోతకు పాట కావాలి, పేర్లు ఎవరు చూస్తారు అంటారు. చాలామంది చూడకపోవచ్చు, నిజమే. కానీ చూడనివారిని చూసి చూసేవారి అవసరాన్ని కొట్టేయడం సరికాదు. పైగా కనిపించని దాన్ని ఎవరూ చూడటం లేదనడం న్యాయం కాదు. తెలుగువాళ్లకు కవి పేరు పట్టింపు లేదన్న మాట అసలు నిలవదు. అల్లూరి సీతారామరాజు (1974)కు శ్రీశ్రీకి, మాతృదేవోభవ (1993)కు వేటూరికి, ఠాగూర్ (2003)కు సుద్దాల అశోక్‌తేజకు గేయ రచనకు జాతీయ పురస్కారాలు వచ్చినప్పుడు తెలుగు నేల పొంగిపోయింది. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వస్తే, ఆ ప్రతిమను అందుకున్నవారు స్వరకర్త కీరవాణి, గేయ రచయిత చంద్రబోస్. ఉత్తమ పాట విభాగంలో పురస్కారం దాని సృష్టికర్తలది. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఆ వేదిక మీద అద్భుతంగా పాడారు, అయినా పురస్కారం రచనకూ బాణీకీ వెళ్లింది. ప్రపంచం చంద్రబోస్ పేరు పలికిన ఆ రాత్రి తర్వాత కూడా, తెలుగు పాటకు కవి పేరు అనవసరమన్న వాదన వినాలంటే బాధగా ఉంది. 2020లో హిందీ గేయ రచయితలు తమ పేర్లు వేయమని ఒక పాట కట్టి బహిరంగంగా అడగాల్సి వచ్చింది. పేరు కోసం కవి చేయి చాచాల్సిన పరిస్థితి ఏ భాషకూ మంచిది కాదు.

రెండో అభ్యంతరానికి ఎక్కువ బరువుంది. పాత పాటలకు సమాచారం దొరకదు, దొరికినా వివాదాలుంటాయి, తప్పు పేరు వేస్తే కొత్త గొడవ అంటారు. ఇది కొంతవరకు నిజం. చాలా సినిమాల టైటిళ్లలో ముగ్గురు నలుగురు కవుల పేర్లు కలిపి వేశారు, ఏ పాట ఎవరిదో చెప్పలేదు. 1957 నాటి మాయాబజార్ సంగీతం ఘంటసాల పేరు మీదే ఉంది. అందులో నాలుగు పాటల బాణీలు అంతకుముందు సాలూరి రాజేశ్వరరావు కట్టినవని సినీ చరిత్రకారులు చెబుతారు. సముద్రాల అంటే రాఘవాచార్యులా, ఆయన కుమారుడు రామానుజాచార్యులా అని తేల్చుకోవాల్సిన పాటలూ ఉన్నాయి. కానీ ఇవన్నీ జాగ్రత్తగా పనిచేయడానికి కారణాలు, మానేయడానికి కావు. పాటల పుస్తకాలు ఇంకా సేకరణకర్తల దగ్గర ఉన్నాయి. రికార్డుల మీద కాగితాలు ఉన్నాయి. రికార్డు కంపెనీల సొంత దస్తావేజుల్లో ఒప్పందాలు ఉండాలి, లేకపోతే ఆ పాటల మీద హక్కు తమదని అవి ఎలా చెప్పగలవు? తెలిసినది వేయండి, వివాదం ఉంటే ఉందని రాయండి, తెలియనిది ఖాళీగా వదిలి ‘తెలియదు’ అని నిజాయతీగా చెప్పండి. మాయాబజార్‌కు పాటలు పింగళి నాగేంద్రరావు రాశారన్నది, మల్లీశ్వరి పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రివన్నది వివాదమే లేని విషయాలు. వివాదం లేని వేలాది పాటల గడులు, వివాదం ఉన్న కొన్నిటి పేరు చెప్పి ఖాళీగా ఎందుకు ఉండాలి?

మూడో అభ్యంతరం మీరు ఒకరి మీద ఒకరు నెట్టుకునేది. యాప్‌లవారు, రికార్డు కంపెనీ పంపినదే మేం చూపిస్తామంటారు. రికార్డు కంపెనీలు, మేం పంపినా యాప్ చూపించదంటాయి. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు, అందుకే ఈ లేఖ ఇద్దరికీ కలిపి రాశాను. యాప్‌లు గట్టిగా అడిగితే కంపెనీలు పంపుతాయి. కొత్త పాట చేర్చాలంటే కవరు బొమ్మ ఏ కొలతలో ఉండాలో మీరు నిబంధన పెట్టి, కుదరకపోతే తిప్పి పంపడం లేదా? రచయిత పేరు లేని పాటనూ అలాగే తిప్పి పంపవచ్చు. సంకల్పం ఉంటే ఏం చేయగలరో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం విషయంలో రుజువైంది. ఆపిల్ సంస్థ 2021లో ప్రైమ్‌ఫోనిక్ అనే సేవను కొని, 2023 మార్చిలో ఆ సంగీతానికి ప్రత్యేకంగా ఒక యాప్ తెచ్చింది. అందులో స్వరకర్త, రచన, వాద్యబృందం, దాన్ని నడిపే కండక్టర్ ఇలా దేనికదే వెతకవచ్చు. బీథోవెన్ రచనకు దక్కిన శ్రద్ధ, అదే కాలంలో జీవించిన త్యాగరాజు రచనకు దక్కకపోవడానికి సాంకేతిక కారణమేదీ లేదు.

ఇవాళ మరో మాట వినిపిస్తోంది. కృత్రిమ మేధ వచ్చింది, ఈ గడులన్నీ అదే నింపేస్తుంది అని. కానీ శైలిని బట్టి కవిని ఊహించే యంత్రం ఆత్రేయ పాటను ఆరుద్రకు అంటగట్టినా అడిగేవాడుండడు. ఆ తప్పు పేరు ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు, అక్కడి నుంచి వ్యాసాలకూ వికీపీడియాకూ పాకి, పదేళ్లకు అదే చరిత్ర అవుతుంది. పాత పాటల పుస్తకం పేజీని చదివి అక్షరాల్లోకి మార్చడానికి యంత్రం సాయం తీసుకోండి, మంచిదే. పుస్తకంలో లేని పేరును ఊహించడానికి మాత్రం వద్దు. ఆధారాలతో పేరు తేల్చే పని తెలిసిన మనుషులు మన దగ్గర ఉన్నారు. ఏళ్ల తరబడి ఇంట్లో హార్డు డిస్కుల్లో పాటలు పోగుచేసి, ఒక్కో ఫైలుకూ రచయిత పేరు, ఏడాది, రాగం చేత్తో నింపుకుంటున్న అభిమానులు ఊరూరా, తెలుగువాళ్లున్న ప్రతి దేశంలోనూ ఉన్నారు. స్పీకర్ల మీదా హెడ్‌ఫోన్ల మీదా ఖర్చుపెట్టే వీరే, ఒక్క పాట ఏ ఏడాదిదో తేల్చుకోవడానికి రాత్రంతా కూర్చోగలరు. వారికి మీ యాప్‌లో ఉన్న దారి మాత్రం, తప్పు ఉంది అని ఫిర్యాదు పెట్టి జవాబు కోసం ఎదురుచూడటమే.

వారి శ్రమను అడిగే ముందు ఒక పాఠం గుర్తుంచుకోవాలి. సీడీడీబీని జనం ఉచితంగా నింపారు, తర్వాత అది ఒక వ్యాపార సంస్థ సొత్తయింది. తమ చేతిరాత తమకే అమ్ముతున్నారన్న కోపంతోనే ఫ్రీడీబీ, మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాంటి ఉచిత జాబితాలు పుట్టాయి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ ఇప్పటికీ నడుస్తోంది. ఒక రచన వేరు, దాని రికార్డింగులు వేరు అనే తేడాను అది గౌరవంగా పాటిస్తోంది. కాబట్టి తెలుగు పాటల వివరాలు ఎవరు సమకూర్చినా, అవి అందరికీ తెరిచి ఉండాలి. యాప్‌లు వస్తాయి, పోతాయి. 2020లో గూగుల్ ప్లే మ్యూజిక్ ఆగిపోయింది, 2024లో రెస్సో, వింక్ మూతపడ్డాయి. ప్రతిసారీ శ్రోతలు ఏళ్లుగా కూర్చుకున్న ప్లేలిస్టులను మరో చోటికి తరలించుకోవాల్సి వచ్చింది. ఆ తరలింపు పేర్లు పోల్చి చూసే పద్ధతి మీదే ఆధారపడినప్పుడు వివరాలు సరిగ్గా లేని పాట దారిలో పడిపోతుంది, లేదా అసలు పాట బదులు ఎవరో తిరిగి పాడిన నకలు వచ్చి చేరుతుంది. పాట వివరం ఒక కంపెనీ గోడల మధ్యే ఉంటే ఆ కంపెనీతోనే పోతుంది.

అన్నీ ఒక్కరోజులో చేయమని అడగడం లేదు. తెలుగులో ఎక్కువగా వినే పాటలేవో మీ లెక్కల్లో ఉన్నాయి. మొదట వాటికి రచయిత, స్వరకర్త, సినిమా, తొలి విడుదల సంవత్సరం తెలుగు లిపిలో నింపండి. పాట మోగే తెర మీద గాయకుల పేర్ల కిందే మరో వరుస ఇవ్వండి. కొత్తగా విడుదలయ్యే పాటలకు ఈ నాలుగు వివరాలూ లేకుండా స్వీకరించబోమని యాప్‌లన్నీ కలిసి ఒక తేదీ ప్రకటించండి. కర్ణాటక సంగీతానికి రాగ తాళాల గడులు చేర్చి, అన్నమయ్య, రామదాసు, క్షేత్రయ్యల రచనలకు బాణీ కట్టినవారి పేరు విడిగా చూపండి. టీటీడీ దగ్గరా ఆకాశవాణి దగ్గరా ఉన్న సమాచారాన్ని అడగండి, అవి ప్రజా సంస్థలు. దిద్దుబాటు సూచించే శ్రోత ఆధారం జతచేసే వీలు పెట్టి, ఒప్పుకున్నారో లేదో నెలలోపు చెప్పండి. రికార్డు కంపెనీల మిత్రులు తమ గిడ్డంగుల్లోని పాత కవర్లను, లేబుళ్లను స్కాన్ చేయించే పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి. 1950ల కాగితం ఇంకెంతో కాలం ఆగదు.

ఇట్లు,
ఒక తెలుగు శ్రోత